691 గుట్టు

కేంబ్రిడ్జ్. 1916. బయట ప్రపంచ యుద్ధం. ట్రినిటీ కాలేజీలో తన వంట తానే వండుకుంటున్న రామానుజన్ ఒక లెక్కలో మునిగిపోయారు. 1 లోంచి ఒకసారి ఎక్స్, ఇంకోసారి ఎక్స్ వర్గం, మరోసారి ఎక్స్ ఘనం తీసి, అలా అంతు లేకుండా వచ్చేవన్నీ గుణించి, ఆ మొత్తాన్ని 24 సార్లు వేసి గుణించి, చివర్లో ఇంకో ఎక్స్ తగిలిస్తే అంకెలు వరసగా రాలిపడ్డాయి. 1, −24, 252, −1472, 4830... పేరు 'టౌ'. 30 దాకా పట్టిక వేశారు. అందులో ఒక గుట్టు దొరికింది.

రెండో అంకె చూడండి. −24. రెండు పదకొండో ఘాతం 2048. ఒకటి కలిపితే 2049. అందులోంచి −24 తీసేస్తే 2073. సరిగ్గా మూడు 691లు! ప్రధాన సంఖ్య ఏదైనా ఇదే తంతు. మరి ఆ 1, ఆ 2048 అసలు ఎవరివి?

జవాబుకి యాభై ఏళ్లు పట్టింది. దానికి ముందు కాస్త వెనక్కి, 1832లో, ఇరవై ఏళ్లకే ద్వంద్వయుద్ధంలో చనిపోయిన గణితవేత్త గాల్వా దగ్గరికి వెళ్లాలి. సమీకరణం మూలాలు లెక్క చెడకుండా ఎన్ని రకాలుగా చోట్లు మారతాయో చూపించిందాయనే. ఆ మార్పుల్ని నాలుగు గళ్ల మాత్రికలుగా రాస్తే గాల్వా ప్రాతినిధ్యం. టౌ వెనక అలాంటిదే ఉందని గణితవేత్త సెర్ ఊహించారు. మరో గణితవేత్త డెలీన్ దాన్ని కట్టి చూపించారు. 691తో భాగిస్తే మిగిలే శేషాల్లో చూస్తే అది రెండు ముక్కలవుతుంది. ఒకటి 1. రెండోది 2048. మరి ముక్కలు కానివో?

అవన్నీ టౌ పుట్టిన శ్రేణి లాంటి 'మాడ్యులర్ ఫారాల' నుంచే రావాలి, కొన్ని షరతులతో. 1973లో సెర్ పందెం అది. ముప్పై ఏళ్లు ఎవరికీ లొంగలేదు.

గణితవేత్తలు చంద్రశేఖర్ ఖరే, జాన్-పియర్ వింటెన్‌బెర్గర్ మెట్లెక్కడం మొదలుపెట్టారు. 2, 3 ప్రధాన సంఖ్యల దగ్గర తొలి మెట్లు గణితవేత్త టేట్, సెర్ ముందే వేశారు. ఒక ప్రధాన సంఖ్య దగ్గర గెలిస్తే, ఆ ఊపుతో పైదానికి ఎగబాకాలి. మధ్యలో ఖాళీ మరీ పెద్దదైతే? అడుగు జారినట్టే. జారలేదు. ప్రధాన సంఖ్యల మధ్య అంత ఎడం ఉండదన్న పాత అంచనాలే కాపాడాయి. 2009లో పూర్తి రుజువు అచ్చయింది.

మరుసటి ఆగస్టు. వానాకాలం. హైదరాబాద్ హెచ్ఐసీసీ. ప్రపంచ గణిత మహాసభలు భారత గడ్డ మీద అదే మొదటిసారి. ఆహ్వానిత ప్రసంగాల్లో ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఒక కాగితం ఇవ్వండి. మూడు పదకొండో ఘాతం 177147. ఒకటి కలపమనండి. 252 తీసేయమనండి. 691తో భాగించమనండి. శేషం మిగలదు.