మీడియా సెంటర్ సాఫ్ట్‌వేర్ – హోమ్ థియేటర్ కంప్యూటర్

టీవీకి కలిపిన కంప్యూటర్‌లో సినిమాలు, పాటలు, ఫొటోలు, టీవీ ప్రసారాలు అన్నీ ఒకే తెరమీద చూపించి, రిమోట్‌తో నడుపుకునే వీలిచ్చే సాఫ్ట్‌వేర్‌ను మీడియా సెంటర్ అంటారు. అలాంటి పనికోసం కేటాయించిన కంప్యూటరే హోమ్ థియేటర్ కంప్యూటర్. మామూలు వీడియో ప్లేయర్ ఇచ్చిన ఫైలును ఆడించి ఊరుకుంటుంది. మీడియా సెంటర్ ఇంట్లో ఉన్న ఫైళ్లన్నిటినీ గాలించి, ఒక్కోదానికి పోస్టరు, నటీనటుల పేర్లు, కథాసారం, విడుదలైన సంవత్సరం జతచేసి వరుసగా పేరుస్తుంది. సోఫాలో కూర్చున్నవారికి పది అడుగుల దూరం నుంచి కనబడేంత పెద్ద అక్షరాలు, నాలుగు బాణాల మీటలూ ఒక ఓకే మీటతో అన్ని పనులూ అయ్యే మెనూలు దీని మరో లక్షణం.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న ప్రశ్నకు కాలాన్నిబట్టి జవాబు మారుతూ వచ్చింది. చూడాల్సినది యాంటెన్నా నుంచి వస్తోందా, సొంత హార్డ్‌డిస్క్‌లో ఉందా, ఇంటర్నెట్ నుంచి దిగుతోందా అన్నదాన్నిబట్టే ప్రతిసారీ ఎంపిక సాగింది.

తొలి ప్రయత్నాలు

1999లో అమెరికాలో టీవో, రీప్లేటీవీ అనే రికార్డర్లు అమ్మకానికి వచ్చి, టీవీ కార్యక్రమాన్ని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకుని తీరిగ్గా చూసుకునే అలవాటును నేర్పాయి. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ ష్మిడింగర్ వీడీఆర్ అనే లైనక్స్ రికార్డర్ ప్రోగ్రామును విడుదల చేశారు. అదే ఏడాది మొదలైన ఎంప్లేయర్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే రెండు ఉచిత ప్రాజెక్టులు దాదాపు ప్రతి వీడియో ఫార్మాట్‌నూ విప్పగలిగే సత్తా సంపాదించాయి. తర్వాత వచ్చిన మీడియా సెంటర్లలో అధికభాగం ఈ రెంటికీ రుణపడి ఉన్నవే.

ఎక్స్‌బాక్స్ నుంచి కోడి దాకా

2001 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అనే ఆటల యంత్రాన్ని అమెరికాలో విడుదల చేసింది. లోపల ఉన్నది నిజానికి ఒక చిన్న కంప్యూటరే: 733 మెగాహెర్ట్జ్ ఇంటెల్ ప్రాసెసర్, 64 ఎంబీ మెమరీ, హార్డ్‌డిస్క్, డీవీడీ డ్రైవ్, నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకునే పోర్టు. పైగా అది అప్పటికే టీవీ పక్కన కూర్చుని ఉంది. ఆ రోజుల్లో ఇంత తక్కువ ధరకు టీవీకి కలిపే కంప్యూటరు దొరకడం కష్టం. తాళాలు తీసి ఎక్స్‌బాక్స్‌లో సొంత ప్రోగ్రాములు నడిపే పద్ధతి తెలియగానే, 2002లో మారుపేర్లతో పనిచేసే ఇద్దరు ప్రోగ్రామర్లు ఎక్స్‌బాక్స్ మీడియా ప్లేయర్ అనే ప్రాజెక్టును మొదలుపెట్టారు. యాంప్ అనే మరో ప్లేయర్‌ను రాస్తున్న నెదర్లాండ్స్ ప్రోగ్రామర్ ఎర్విన్ బెకర్స్ అదే ఏడాది చివర్లో వారితో కలిశారు. ఫ్రోడో అన్నది ఆయన మారుపేరు. వీడియో ఆడించే పనికి ఎంప్లేయర్‌నే వాడుకున్నారు.

2003 డిసెంబరులో పాత ప్లేయర్ పనిని నిలిపేసి, దాని వారసురాలి మీదికి అందరూ మళ్లారు. ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్, అంటే ఎక్స్‌బీఎంసీ, తొలి స్థిర సంచిక 2004 జూన్ 29న వచ్చింది. దీని పంపిణీకి ఒక చిక్కు ఉండేది. ప్రోగ్రామును ఎక్స్‌బాక్స్‌లో నడిచే రూపంలోకి మార్చడానికి మైక్రోసాఫ్ట్ వారి సొంత అభివృద్ధి పరికరాలు అవసరం. వాటితో తయారైన ఫైలును పంచే హక్కు ప్రాజెక్టుకు లేదు. అందుకని జట్టు సోర్స్‌కోడ్‌ను మాత్రమే ప్రచురించేది. తయారైన ఫైళ్లు వేరేవారి చేతులమీదుగా తిరిగేవి. ఇంత ఇరుకులోనూ జట్టు పని ఆపలేదు. 2006 సెప్టెంబరులో వచ్చిన 2.0 సంచిక, 64 ఎంబీ మెమరీలో ఇన్ని పనులు ఎలా ఇమిడాయా అని ఇప్పటికీ ప్రోగ్రామర్లు మెచ్చుకోదగ్గది.

అయితే హెచ్.264 పద్ధతిలో కుదించిన హైడెఫినిషన్ వీడియో రావడంతో పాత ఎక్స్‌బాక్స్ ప్రాసెసర్‌కు ఊపిరాడలేదు. 2007లో లైనక్స్‌కు మార్చే పని మొదలైంది. 2008 నవంబరులో విడుదలైన 8.10 అట్లాంటిస్ సంచిక లైనక్స్, విండోస్, మ్యాక్‌లతోపాటు ఎక్స్‌బాక్స్‌లోనూ నడిచింది. కాలం కూడా కలిసొచ్చింది. ఆ నెలలోనే ఎన్విడియా సంస్థ లైనక్స్ కోసం వీడీపావ్‌ను విడుదల చేసింది. వీడియో విప్పే భారాన్ని ప్రాసెసర్ మీదినుంచి తప్పించి గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే ఏర్పాటు ఇది. మరుసటి ఏడాది ఎన్విడియా అయాన్ చిప్‌తో, ఇంటెల్ ఆటం ప్రాసెసర్‌తో ఏసర్ ఆస్పైర్ రెవో వంటి పుస్తకమంత కంప్యూటర్లు అందుబాటులోకి వచ్చాయి. ఆటం మామూలుగా 1080పీ వీడియోను ఆడించలేదు. గ్రాఫిక్స్ చిప్ తోడైతే ఫ్యాను చప్పుడు పెద్దగా లేకుండానే ఆడించేది. హోమ్ థియేటర్ కంప్యూటర్ కొనేవారు ప్రాసెసర్ వేగం అడగడం మాని, ఏ ఫార్మాట్‌ను చిప్ తానే విప్పగలదు అని అడగడం మొదలైంది ఇక్కడే. నేటికీ అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

2010 మే నెలలో ఎక్స్‌బాక్స్ శాఖ వేరుపడింది. పుట్టిన యంత్రంతో ప్రాజెక్టుకు బంధం అలా తెగింది. ఆ డిసెంబరులో వచ్చిన 10.0 ధర్మ సంచిక యాడ్ఆన్ల వ్యవస్థను క్రమబద్ధం చేసింది. రూపం మార్చే స్కిన్లు, ఆన్‌లైన్ వీడియోలు తెచ్చే ప్లగిన్లు, సినిమా సమాచారం సేకరించే స్క్రేపర్లు రిమోట్‌తోనే దించుకోవడం, తాజా పరుచుకోవడం సాధ్యమైంది. 2012 మార్చిలో 11.0 ఈడెన్, 2013 జనవరిలో 12.0 ఫ్రోడో వచ్చాయి. ఫ్రోడోలో మూడు పెద్ద మార్పులు ఒకేసారి జరిగాయి. ప్రత్యక్ష టీవీ చూడటం, రికార్డు చేయడం ప్రధాన భాగంలోకి వచ్చింది. బ్లూరే డిస్కుల్లో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ ధ్వనిని చెక్కుచెదరకుండా రిసీవర్‌కు పంపే కొత్త ఆడియో యంత్రాంగం చేరింది. ఆండ్రాయిడ్, రాస్ప్‌బెర్రీ పైలకు మద్దతు అందింది.

రాస్ప్‌బెర్రీ పై గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన ఈ అరచేతిలో పట్టే బోర్డు ధర 35 డాలర్లు. 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మందకొడిదే అయినా, దాని చిప్ 1080పీ హెచ్.264 వీడియోను తడబడకుండా ఆడించేది. డీవీడీల ఎంపెగ్-2 వీడియోకు మాత్రం లైసెన్సు కట్టలేదు. కావలసినవారు 2.40 పౌండ్లు చెల్లిస్తే, వారి బోర్డు సీరియల్ నంబరుకు మాత్రమే పనిచేసే ఒక తాళపుచెవి సంకేతం వచ్చేది. దాన్ని మెమరీ కార్డులోని కాన్ఫిగ్ ఫైలులో ఒక వరుసగా రాసి, బోర్డును తిరిగి ఆన్ చేస్తే డీవీడీలు ఆడేవి. హెచ్‌డీఎంఐ కేబుల్‌లోని సీఈసీ సదుపాయం ద్వారా టీవీతో వచ్చిన రిమోటే దీన్నీ నడిపేది. విడిగా కీబోర్డు, రిమోట్ కొనాల్సిన పని లేకపోవడంతో ఇంట్లో పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇది సులువుగా అలవాటైంది. మెమరీ కార్డులో వేసి పెట్టగానే నేరుగా మీడియా సెంటర్ తెరుచుకునే చిన్న లైనక్స్‌లు ఓపెన్‌ఎలెక్, రాస్ప్‌బీఎంసీ ఈ బోర్డుతోనే పేరు తెచ్చుకున్నాయి. ఓపెన్‌ఎలెక్ నుంచి 2016లో లిబ్రెఎలెక్ విడివడింది. రాస్ప్‌బీఎంసీ స్థానంలో ఓఎస్‌ఎంసీ వచ్చింది.

2014 ఆగస్టు 1న ప్రాజెక్టు తన పేరును కోడిగా మార్చుకుంటున్నట్టు ప్రకటించింది. పాత పేరులోని ఎక్స్‌బాక్స్‌తో సంబంధం పోయింది. ఆ పేరుమీద చట్టపరమైన పట్టు కూడా జట్టుకు లేదు. కొత్త పేరుతో తొలి సంచిక 14.0 హెలిక్స్ అదే డిసెంబరులో వచ్చింది. దొంగ ప్రసారాల యాడ్ఆన్లు ముందే నింపి అమ్మే పెట్టెలు ఆ తర్వాతి సంవత్సరాల్లో కోడి పేరుకు మచ్చ తెచ్చాయి. అలాంటి పెట్టెలు అమ్మడం కాపీరైట్ ఉల్లంఘన కిందికి రాగలదని ఐరోపా న్యాయస్థానం 2017 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. కోడి మాత్రం ఏ సినిమానూ తనతో మోసుకురాదు. అది ఖాళీ అల్మారాగానే ఇంటికి వస్తుంది.

విండోస్ మీడియా సెంటర్

2002 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ కొత్త కంప్యూటర్లతోపాటు మాత్రమే అమ్మకానికి వచ్చింది. రిమోట్ మీది ఆకుపచ్చ మీట దీని గుర్తు. టీవీ ట్యూనర్ కార్డు, ఉచిత కార్యక్రమాల పట్టిక, తేలిగ్గా రికార్డు చేసే తీరు దీని బలం. టీవీ రికార్డింగ్ వరకు ఇంత శుభ్రమైన అమరిక ఆ దశాబ్దంలో మరొకటి రాలేదనవచ్చు. 2005 నుంచి ఎక్స్‌బాక్స్ 360ని పక్కగదిలో పెట్టి, ఇదే తెరను అక్కడా చూసే వీలు కలిగింది. విస్టా, విండోస్ 7లలో ఇది ఇంటి వాడుక ప్రతుల్లోనే కలిసి వచ్చింది. అమెరికాలో తాళం వేసిన కేబుల్ చానళ్లను కేబుల్‌కార్డు ద్వారా రికార్డు చేయాలనుకున్నవారికి ఆచరణలో ఇదే దిక్కు. విండోస్ 8లో డబ్బు చెల్లించి చేర్చుకునే భాగమైంది. విండోస్ 10లో లేదని 2015లో కంపెనీ ప్రకటించింది. వందలకొద్దీ గంటల రికార్డింగులు పోగుచేసుకున్న ఇళ్లు కొత్త గూడు వెతుక్కోవాల్సి వచ్చింది. సోర్స్‌కోడ్ బయట లేని సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమిది.

టీవీ రికార్డింగుకే పెద్దపీట వేసిన ఉచిత ప్రాజెక్టు మిత్‌టీవీ. ఐజాక్ రిచర్డ్స్ 2002లో దీన్ని మొదలుపెట్టారు. రికార్డు చేసే యంత్రం ఒక గదిలో, చూసే తెర మరో గదిలో ఉండే ఏర్పాటు మొదటినుంచీ దీనికి ఉంది. అమరిక కష్టం. అమరాక స్థిరం. 2007 సెప్టెంబరు 1న అమెరికాలో ఉచిత కార్యక్రమాల పట్టిక ఆగిపోయినప్పుడు, వాడుకరులే కలిసి షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్షలేని సంస్థ ద్వారా చందా పద్ధతిలో దాన్ని నిలబెట్టుకున్నారు. ఆపిల్ ఫ్రంట్ రో 2005లో వచ్చి 2011లో తొలగిపోయింది. సేజ్‌టీవీని 2011లో గూగుల్ కొన్నది.

సర్వర్ల శాఖ

ఎక్స్‌బీఎంసీని మ్యాక్‌కు మార్చే పనిలో ఉన్న ఎలాన్ ఫైన్‌గోల్డ్ 2008లో మూల ప్రాజెక్టు నుంచి విడిపోయారు. ఆ శాఖే ప్లెక్స్. అదే మూలం నుంచి పుట్టిన బాక్సీ 2010లో డీ-లింక్ తయారీ పెట్టెగా వచ్చి, 2013లో శాంసంగ్ చేతికి వెళ్లింది. ప్లెక్స్ నిలదొక్కుకోవడానికి కారణం దాని నిర్మాణం. ఫైళ్లు, పోస్టర్లు, ఎంతవరకు చూశామన్న గుర్తు అన్నీ ఒక సర్వర్‌లో ఉంటాయి. టీవీ, ఫోను, టాబ్లెట్ దాన్నుంచి అడిగి తీసుకుంటాయి. ఫోను ఒక ఫార్మాట్‌ను విప్పలేకపోతే సర్వర్ అప్పటికప్పుడు మరో ఫార్మాట్‌లోకి మార్చి పంపుతుంది. ఒకే టీవీ ఉన్న ఇంటికి కోడి చాలు. మూడు గదుల్లో మూడు తెరలు ఉంటే సర్వర్ పద్ధతే నయం.

విండోస్ మీడియా సెంటర్‌కు ప్లగిన్‌గా పుట్టిన మీడియా బ్రౌజర్ 2015లో ఎంబీ అయింది. 2018లో ఎంబీ తన సోర్స్‌కోడ్‌ను మూసివేయగా, ఆ డిసెంబరులో కొందరు పాత కోడ్‌ను తీసుకుని జెల్లీఫిన్‌ను ప్రారంభించారు. చందా లేకుండా, ఖాతా అడగకుండా పనిచేసే సర్వర్ కావాలన్నవారి అభిమానం దీనికి దక్కింది. 2025 ఏప్రిల్ నుంచి ఇంటి బయట సొంత సర్వర్‌లోని వీడియోలు చూడటానికి ప్లెక్స్ రుసుము పెట్టింది.

స్ట్రీమింగ్ కాలం

2013లో క్రోమ్‌కాస్ట్, మరుసటి ఏడాది ఫైర్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ వచ్చాక ఇళ్లలో హోమ్ థియేటర్ కంప్యూటర్ల ప్రాధాన్యం తగ్గింది. స్ట్రీమింగ్ సంస్థలు తాళాల భద్రతకు సర్టిఫికెట్ ఉన్న పరికరాలకే మేలిరకం చిత్రాన్ని పంపుతాయి. సొంతంగా కూర్చుకున్న లైనక్స్ కంప్యూటరుకు సాధారణంగా తక్కువ నాణ్యతే దక్కుతుంది. 2019లో వచ్చిన కోడి 18 లేయా ఇలాంటి తాళాల వ్యవస్థకు మద్దతు చేర్చినా ఈ హద్దు పూర్తిగా చెరగలేదు.

తెలుగు వాడుకలో

మన దేశంలో ట్యూనర్ కార్డుల కథ అమెరికాలోలా సాగలేదు. అనలాగ్ కేబుల్ ఉన్నంతకాలం కార్డుకు తీగ పెట్టి రికార్డు చేసుకోవచ్చు. హైదరాబాదు, విశాఖపట్నాలను 2013 మార్చి గడువుతో డిజిటల్ కేబుల్ రెండో దశలో చేర్చాక, తాళం వేసిన సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి అయింది. డీటీహెచ్‌దీ అదే తీరు. తాళం లేని ఎంపెగ్-2 చానళ్లున్న దూరదర్శన్ ఫ్రీ డిష్‌ను మాత్రం శాటిలైట్ ట్యూనర్ కార్డుతో మిత్‌టీవీ, కోడిలలో చూడవచ్చు. ఫ్రీ డిష్ డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో 2004 డిసెంబరులో మొదలైంది.

తెలుగు సినిమాలు పోగుచేసుకున్నవారికి పెద్ద తలనొప్పి పేర్ల దగ్గరే. దేవదాసు అని మాత్రం ఫైలుకు పేరు పెడితే స్క్రేపర్‌కు 1953 నాటి అక్కినేని చిత్రం, 1974 నాటి కృష్ణ చిత్రం, 2006 నాటి రామ్ చిత్రం మూడూ ఎదురవుతాయి. నాగేశ్వరరావు సినిమాకు రామ్ పోస్టరు తగిలించడం ఇలాగే జరుగుతుంది. పేరు పక్కన కుండలీకరణాల్లో సంవత్సరం రాస్తే ఈ చిక్కు తీరుతుంది. మాయాబజార్‌కు 1957 అని రాసినా పూర్తిగా తీరదు. 2010లో విడుదలైన రంగుల ప్రతి కూడా అదే సినిమా కాబట్టి, రెండూ ఉన్నవారు వేరు వేరు ఫోల్డర్లలో పెట్టి, ఫైలు పక్కనే ఎన్‌ఎఫ్‌ఓ అనే చిన్న పాఠ్య ఫైలులో తమకు కావలసిన వివరాలు రాసుకోవాలి. కోడి, జెల్లీఫిన్ రెండూ దాన్ని చదువుతాయి. సమాచారం ఆన్‌లైన్‌లో లేని పాత చిత్రాలకు, పెళ్లి వీడియోలకు, నాటకాల రికార్డింగులకు ఇదే మార్గం.

సబ్‌టైటిళ్లు తెలుగులో కావాలంటే ఫైలు యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 రూపంలో ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసినది తెరమీద అర్థంలేని గుర్తులుగా పడుతుంది. తెలుగు అక్షరాలున్న ఫాంటుతోపాటు గుణింతాలను, వత్తులను సరైన చోట అమర్చే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ కూడా తోడుండాలి. కొత్త మీడియా సెంటర్‌ను ఎంచుకునే ముందు వత్తులు, సంయుక్తాక్షరాలు ఎక్కువగా ఉన్న రెండు మూడు వాక్యాల సబ్‌టైటిల్ ఫైలును ఆడించి చూస్తే, అది తెలుగుకు పనికొస్తుందో లేదో నిమిషంలో తేలిపోతుంది.