తంగేటి పూవును తంగేటి చెక్కయు

ఐరోపావారి తోటలలో స్వీట్ పీ యను పూలతీగ యొకటి కలదు. చిక్కుడు కుటుంబమునకు చెందినది. మంచి పరిమళము గలది. సిసిలీ ద్వీపమందలి ఫ్రాంసిస్కో కుపానీ యను సన్న్యాసి 1699లో దాని విత్తులను ఇంగ్లండునకు పంపెనని తోటల చరిత్రకారులు చెప్పుదురు. పిదప రెండువందల యేండ్లు తోటమాలులు దాని రంగులను హెచ్చించిరి, రేకులను వెడల్పు చేసిరి. ఇంతలో 1819లో పారిసు నగరమున షార్లొట్ ద లటూరు అను మారుపేరుతో పూలభాషకు ఒక గ్రంథము వెలువడినది. ఆ దారిని వచ్చిన పుస్తకములలో స్వీట్ పీకి వీడ్కోలనియు, సుకుమారమైన సంతోషమనియు అర్థములు వ్రాసిరి. పూవును పెంచినవా రొకరు, అర్థము వ్రాసినవారు వేరొకరు.

మా నల్లగొండ, మహబూబునగరము సీమలయందు ఇట్టి పూలనిఘంటువు పుట్టలేదు. ఇచ్చట అర్థము పుస్తకమునుండి కాక పనిపాటలనుండి వచ్చినది. ఈ మెట్టసీమలో ఎర్రచెలకలు విస్తారము. వాన ఏటికి 600 మొదలు 750 మిల్లీమీటర్ల నడుమ, అదియు నాలుగు నెలలలోనే హెచ్చుగా కురిసి ఊరకుండును. అట్టి నేలను నీరు పోయువాడు లేకయే పూయునది తంగేడు. ఇదియు స్వీట్ పీ వలె చిక్కుడు కుటుంబములోనిదే. 1753లో లిన్నేయసు పండితుడు దీనికి శాస్త్రనామ ముంచెను. పసరములు దీనిని మేయవు. కావుననే మేతకు అరిగిపోయిన బీళ్ళమీద సైతము ఇది పచ్చగా నిలిచినది. పనికిరాని నేల అని పట్వారీ లెక్కలో వ్రాయబడినచోట భాద్రపదము చివర పసుపుపచ్చని పూవు విరియబూయును.

పెత్రామాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది దినములు ఆడువారు ఈ పూవులను పేర్చి ఆడుదురు. తాంబాళమున ఆకులు పరచి, తంగేడు నొక వరుస, గునుగు నొక వరుస, నడుమ బంతియు చామంతియు గుండ్రముగా పేర్చుకొనుచు పోయి, శిఖరమున పసుపు గౌరమ్మను నిలుపుదురు. గునుగు తెల్లనిది గాన దానికి రంగు లద్దుదురు. పేర్చినదానిని నడుమ నుంచి చప్పట్లు చరచుచు పాడి, చెరువులో విడుతురు. ఆ పూలకుప్పకు వారిడిన పేరులోనే బ్రతుకు ఉన్నది. ఐరోపావాని పుస్తకములో పూవు వీడ్కోలును చెప్పగా, ఇచ్చట నీటిలో విడువబడు పూవు బ్రతుకును చెప్పుచున్నది. ఆ చెరువులును ఊరక కలిగినవి కావు. నల్లగొండ ప్రక్కనే పానగల్లు ఉదయసముద్రము కందూరు చోడుల కాలపు నిర్మాణము. ఎనిమిదివందల యేండ్లకు పైబడిన కట్ట.

ఇంతవరకు అందరు నెరిగినదే. తంగేటి కథలో రెండవ సగమును మాత్రము పండుగనాడు తలచువారు అరుదు.

తంగేడు చెక్క, అనగా దాని పట్ట, పచ్చితోలును పదును చేయుటకు దక్షిణాపథమున అన్నిటికంటె పేరుపొందిన సరకు. కొమ్మలు నరికి, పట్ట ఒలిచి, దంచి, తోలు నానవేయు గుంటలలో, అనగా మా సీమవారు చెప్పు లందలలో, నీటితో కలిపెడివారు. సున్నమున నాని వెండ్రుకలు రాలిన తోలును అందులో దినముల తరబడి ఊరవేసి, మరల మరల త్రిప్పెడివారు. పట్టలోని వగరు తోలుకు పట్టి అది కుళ్ళకుండ కాపాడును. ఈ పని మాదిగ కుటుంబముల చేతిది. కంపు కంపని ముక్కు మూసికొని ఊరు వారి లందను వెలికి నెట్టెను. ఆ లందలో తయారైన తోలును మాత్రము ప్రతి యింటను వాడుకొనెను. చెప్పు, పగ్గము, డప్పు, అన్నిటికంటె ముఖ్యముగా మోటబావి తొండము. ఎద్దులు వంపున దిగుచు నీళ్ళు తోడినపుడు ఆ నీటిని మోసినది తంగేటి వగరు పట్టిన తోలు. ఆ నీటితోనే వరిమడియు తడిసినది, బావిగట్టున బంతియు చామంతియు పూచినవి. తంగేటి ఆకును రైతు పచ్చిరొట్టగా అదే మడిలో త్రొక్కించెను. కాగా బతుకమ్మలో తంగేటి ప్రక్కన పేర్చిన బంతిపూవులో సైతము తంగేటి చెక్కయు, లందలో దిగిన చేతులును ఉన్నవి.

మహబూబునగరము మండలమున పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధములకంటె జనుల తిండిని, కట్టును, ఆటలను, వృత్తులను ఎక్కువగా పట్టించుకొనిరి. ఆ దారిని నడువగోరువారు పూవు నొక ప్రకరణమునను చెక్కను వేరొక ప్రకరణమునను వ్రాసినచో చెట్టు రెండుగా చీలును. చీలిక కాగితముమీదనే కాదు. ఊరి బతుకమ్మ యొకచోట, వాడ బతుకమ్మ వేరొకచోట ఆడుట ఈ సీమలో చిరకాలము నడచినది. కొన్ని గ్రామములలో ఇప్పటికిని నడచుచున్నది. 2014లో తెలంగాణ ప్రభుత్వము తంగేడును రాష్ట్రపుష్పముగాను, బతుకమ్మను రాష్ట్రపు పండుగగాను ప్రకటించినది. మేము సంతోషించితిమి. అయినను చెట్టును గౌరవించి, ఆ చెట్టుతో అందరికంటె ఎక్కువ తరములు పనిచేసిన వారిని ఆటలో ఎడముగా నుంచుట ఏమి గౌరవమో మాకు తెలియరాదు.

లందలు మాత్రము చాలవరకు పోయినవి. 20వ శతాబ్ది తొలి యేండ్లలో చెన్నపట్టణమున ఆల్ఫ్రెడ్ చాటర్టను దొర క్రోము లవణములతో తోలు పదును చేయు పద్ధతిని వ్యాపింపజేసెను. దక్షిణాఫ్రికానుండి వాటిలు పట్ట దిగెను. తరువాత విద్యుత్తు పంపులు వచ్చి మోటలు మూలబడెను. వృత్తి పోయినది గాని, వృత్తిపేర వచ్చిన ఎడము దానితో పోలేదు.

ఇప్పుడు పూవును తగ్గుచున్నది. గునుగు జొన్నచేలలోను ఆముదపుచేలలోను మొలచు కలుపు. లేత ఆకును కూర వండుకొందురు. పశ్చిమాఫ్రికాలో యొరూబాలు దీనినే కూరమొక్కగా విత్తి పెంచుదురు. మా సీమలో జొన్న తగ్గి ప్రత్తి హెచ్చినది. కలుపుమందు గట్లవరకు ప్రాకినది. పట్టణముల చుట్టు బీళ్ళు ఇండ్లస్థలము లైనవి. మునుపు పొద్దున బీడుకు పోయి తెచ్చుకొన్న పూవు ఇప్పుడు హైదరాబాదు బజారున మూటలుగా అమ్ముడగుచున్నది.

పెంచదలచినవారికి తంగేడు కష్టమైన చెట్టు కాదు. విత్తు పెంకు గట్టిది గాన ఇసుకతో రుద్ది గాని, వేడినీట ఒక రాత్రి నానబెట్టి గాని తొలకరిలో వేయవలెను. మంచి నేల అక్కరలేదు. పొలిమేర బీడైనను, చెరువుకు పోవు దారిప్రక్కనైనను చాలును. మొక్క నిలద్రొక్కుకొన్న తరువాత నీటికై చూడదు, రెండుమూడేండ్లకు పూయును. కోయునపుడు కొన్ని గుత్తులను కాయకు విడిచిపెట్టవలెను.