సాపేక్ష వేగం: ఒక సూత్రం వెనుక చరిత్ర

సాపేక్ష చలనం లెక్కల్లో మిమ్మల్ని ఎక్కువగా తికమకపెట్టే ప్రశ్న ఒకటే: రెండు వేగాలను కూడాలా, తీసివేయాలా? భారతీయ గణితంలో ఈ ప్రశ్నకు 1,500 సంవత్సరాల కిందటే స్పష్టమైన సమాధానం ఉంది.

క్రీ.శ. 499 నాటికి 23 ఏళ్ల వయసున్న ఆర్యభటుడు తన ఆర్యభటీయంలోని గణితపాదంలో, రెండు గ్రహాలు కలుసుకునే కాలాన్ని కనుక్కొనే సూత్రం చెప్పాడు. గ్రహాలు ఎదురెదురుగా కదులుతుంటే వాటి మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో భాగించాలి. ఒకే దిశలో కదులుతుంటే వేగాల భేదంతో భాగించాలి. వచ్చిన భాగఫలం అవి కలుసుకోవడానికి పట్టే కాలం, లేదా కలుసుకున్న తరువాత గడిచిన కాలం. ఈ మొత్తాన్ని లేదా భేదాన్నే నేడు మనం సాపేక్ష వేగం అంటున్నాం.

ఈ సూత్రాన్ని సూర్యచంద్రులకు అన్వయించి చూడండి. నక్షత్రాల దృష్ట్యా చంద్రుడు రోజుకు సగటున 13.18°, సూర్యుడు 0.99° తూర్పుకు జరుగుతారు. ఇద్దరి దిశ ఒకటే కాబట్టి తీసివేయాలి.

సాపేక్ష వేగం = 13.18° − 0.99° = రోజుకు 12.19°

అమావాస్య నాడు కలిసిన చంద్రుడు మళ్లీ సూర్యుణ్ణి కలవాలంటే 360° ఎక్కువ తిరగాలి. 360 ÷ 12.19 = 29.53 రోజులు. ఇదే చాంద్రమాసం. మీ ఇంటి పంచాంగంలోని తిథికి కూడా మూలం ఇదే: సూర్యుడి నుంచి చంద్రుడు 12° దూరం జరిగితే ఒక తిథి పూర్తవుతుంది.

అదే గ్రంథంలోని గోళపాదంలో ఆర్యభటుడు మరో అడుగు ముందుకు వేశాడు. పడవలో సాగే మనిషికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్లు కనిపిస్తాయి. నక్షత్రాలు పడమరకు కదులుతున్నట్లు కనిపించడం కూడా అటువంటిదేనని ఆయన వివరించాడు. భూమి తిరుగుతుంటే పైకి ఎగిరిన పక్షులు గూటికి ఎలా చేరతాయని 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు ఆక్షేపించాడు. ఈ ఆక్షేపణకు జవాబు 1632లో గెలీలియో గ్రంథంలో కనిపిస్తుంది. కుదుపు లేకుండా ఒకే వేగంతో సాగే ఓడ గదిలో సీతాకోకచిలుకలు అన్ని వైపులా మామూలుగానే ఎగురుతాయి. ఎందుకంటే ఓడ చలనం వాటికీ ఉంది. అలాగే భూమి చలనం గాలికీ పక్షికీ కూడా ఉంది.

కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు "ఈ వేగం దేని దృష్ట్యా?" అని ప్రశ్నించుకోండి. ఆ తరువాత దిశలు గుర్తించండి. కూడాలో, తీసివేయాలో అప్పుడు దానంతటదే తేలుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

చంద్రుడు సూర్యుడికి 90° తూర్పున ఉన్నాడు. అమావాస్య గడిచి ఎన్ని రోజులైంది?

జవాబు: 90 ÷ 12.19 = సుమారు 7.4 రోజులు.