ఊతకు మిగలని చెరువు

నెల్లూరు సీమలో చెరువు నీటికి లెక్క ఉంది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఆయకట్టు ఎంతో, కట్టను చూసుకునే నీరుగట్టికి ఏ ఇనాం చెల్లేదో ఊరికి తెలుసు, రికార్డుకూ తెలుసు. వేసవిలో చెరువు అడుగంటాక మోకాటి లోతు బురదలో ఊత బుట్టతోనో వట్టి చేతులతోనో కొరమేనులు, మార్పు చేపలు పట్టుకునే యానాది గిరిజనుల హక్కుకు మాత్రం కాగితం లేదు. వాడుకే దానికి ఆధారం. మన చెరువులు ఒకప్పుడు అందరివీ అనడం సగం నిజమే. 1802 శాశ్వత సెటిల్‌మెంట్‌తో వెంకటగిరి వంటి జమీందారీలు స్థిరపడ్డాక చెరువులకు యజమానులు ఉండేవారు. బురదలో మిగిలిన చేప పేదవాడికి దక్కిందంటే అది దయ వల్ల కాదు, వల వేసి రాబట్టుకునేంత విలువ దానికి లేకపోవడం వల్ల.

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం చెరువులతోపాటు చేపల పట్టునూ ప్రభుత్వానికి దఖలు పరిచింది. జమీందారీ పోవడం న్యాయమే, అందులో నాకు సందేహం లేదు. కానీ జమీందారు హక్కు చేతులు మారింది, కాగితం లేని వాడుకకు మాత్రం ఆ వీలే లేదు. ఆ తర్వాత వచ్చిన పంచాయతీ వేలాలూ, మత్స్యకార సహకార సంఘాల లీజులూ చెరువులోని ప్రతి చేపకూ ఒక హక్కుదారుణ్ణి చూపించాయి. వేలంలో పాట పెంచలేనివాడు, సంఘంలో పేరు లేనివాడు నిన్నటిదాకా దిగిన నీళ్లలోనే దొంగ అయ్యాడు. చెరువు ప్రజల ఆస్తి అయిన కొద్దీ, అందులో దిగగలిగే ప్రజలు తగ్గారు.

చేపపిల్లలు కొని వదిలినవాడిదే కదా చేప అంటారు. ఈ మాటలో బలముంది. బొచ్చె, రోహు, మోసు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోను సూదితో ఈ కోవ చేపలచేత గుడ్లు పెట్టించాకే హేచరీల దారి తెరుచుకుంది. అంతకుముందు పిల్లలను ఎక్కువగా నదుల్లోంచే ఏరి తేవాల్సి వచ్చేది. కాబట్టి వదిలిన చేప మీద లీజుదారు హక్కును కాదనలేం. కానీ కొరమేనును ఎవరూ వదలనక్కర్లేదు. తొలి వానలకు అది తనంతట తనే గుడ్లు పెడుతుంది, నీళ్లు తగ్గితే గాలి పీల్చుకుంటూ బురదలో బతుకుతుంది. పైగా వదిలిన పిల్లలను తింటుందని పెంపకందారులే దాన్ని శత్రువుగా చూస్తారు. ఖర్చు పెట్టని చేప మీద, వద్దనుకునే చేప మీద హక్కు ఎలా పుడుతుంది? ఇప్పుడు దానికి ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి అనడం తప్ప దీనికి జవాబు లేదు. అందరినీ దిగనిస్తే చెరువు ఖాళీ అవుతుందన్న భయానికీ ఆధారం తక్కువ. ఊత లోతు నీళ్లలో పనిచేయదు, పొలాలు తడిసి నీళ్లు దిగేదాకా ఆగాల్సిందే. లీజుదారు చివరి వల తీశాక బురదలో మిగిలినది ఊరి యానాదులదని లీజు పత్రంలోనే ఒక షరతు రాయవచ్చు. పంచాయతీ రాబడికి దానివల్ల పెద్దగా తరుగు రాదు.