టముకు నించి ట్విట్టర్ దాకా

జబ్బుకన్నా జబ్బు వార్తకే కాళ్ళెక్కువ. అదింకా పొలిమేర దగ్గరుండగానే ఇది వంటింట్లోకొచ్చి పీట వేసుకు కూర్చుంటుంది. ఆ వార్తని ఎవరు మోసుకొచ్చారు, ఎలా చెప్పారు అన్నదాన్నిబట్టే మనం జాగ్రత్త పడటమో, హడలిపోవడమో జరుగుతుంది.

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు వెనకటికి ఈ మోత బరువు టముకువాడిది. ‘టీకాలు వేసేవాళ్ళొస్తున్నారహో’ అని వాడు చాటగానే, మశూచిని అమ్మవారనుకునే ఇళ్ళల్లో పిల్లల్ని గాదె చాటున దాచేసేవారని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. చాటింపు చెవిదాకానే వెళుతుంది గాని, మనసుదాకా వెళ్ళాలంటే మనిషి రావాలి కదండీ! అందుకే మశూచి నిర్మూలనవాళ్ళు ఒక బిడ్డ బొమ్మ ఉన్న కార్డు చేతపట్టుకుని, ‘ఇలాంటి పొక్కులు ఎవరికైనా ఉన్నాయా తల్లీ?’ అంటూ గడపగడపా ఎక్కారు. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి లేదు. అయినా ఎక్కడైనా మిగిలిందేమోనని, రోగిని చూపించినవారికి 1,000 రూపాయలు బహుమతి ప్రకటించారు.

2020లో కరోనా వచ్చేనాటికి టముకూ లేదు, కార్డూ లేదు. ప్రతి కొంగుముడిలోనూ ఒక ఫోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ ఫిబ్రవరిలోనే హెచ్చరించారు, జబ్బుతోపాటు వదంతుల మహమ్మారితో కూడా పోరాడాల్సొస్తోందని. ఆ సంస్థ బొమ్మలు వేసి మరీ చెప్పింది: వెల్లుల్లి ఒంటికి మంచిదేగాని, కరోనాని ఆపుతుందనడానికి రుజువు లేదని. మా ఇంట్లో మాత్రం ఆ నెల వెల్లుల్లి ఖర్చు రెట్టింపయింది!

కోడిమాంసం తింటే కరోనా వస్తుందని ఇంకో పుకారు. ఫిబ్రవరి 28న హైదరాబాదులో మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్ వేదికెక్కి, అందరూ చూస్తుండగా కోడిమాంసం తిన్నారు. పిల్లాడికి మందు పట్టేముందు తను ఓ చుక్క నాలిక మీద వేసుకు చూపించే తల్లికి ఈ కిటుకు కొత్తేం కాదు. ఏప్రిల్ 7న వాట్సాప్ కంపెనీ కూడా ఓ ఆనకట్ట కట్టింది. చేతులు మారి మారి వచ్చిన కబురుని ఒకసారికి ఒక్కరికే పంపగలమంది. పెరటిగోడ మీదుగా చెప్పుకునే కబుర్లకి అలాంటి ఆనకట్ట ఎవరు కట్టగలరు!

ఇక మన రాష్ట్ర ఆరోగ్యశాఖ ‘ఆరోగ్య ఆంధ్ర’ పేరుతో ట్విట్టర్లో రోజూ జిల్లాలవారీ పట్టిక పెట్టేది. మా రెండు జిల్లాల ఎదుటా చాలారోజులు సున్నాలే. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వస్తే ఏడ్చినవాళ్ళమే, ఆ సున్నాలు చూసుకుని మురిసిపోయాం. ఏప్రిల్ 25న శ్రీకాకుళం సున్నా చెరిగింది. మే మొదటి వారంలో విజయనగరానిదీ పోయింది. మర్నాటి నించీ అంకెల్లో ఎదురింటి మనిషి కూడా ఉన్నాడేమోనన్న బెదురు.

ఆ బెదురు ఎంతదాకా తీసుకెళ్ళిందో జూన్ 26న తెలిసింది. పలాసలో కరోనా సోకి పోయిన ఒక పెద్దాయన్ని మట్టి తవ్వే జేసీబీ తొట్టిలో వేసి శ్మశానానికి తరలించారు. ఆ దృశ్యం ఫోన్లకెక్కి చూస్తూండగా రాష్ట్రమంతా పాకింది. ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబునాయుడు దాన్ని ట్విట్టర్లో పెట్టి నిలదీశారు. ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి కార్యాలయం కూడా ట్విట్టర్లోనే ఆవేదన తెలిపింది. ఆ రోజే కలెక్టరు నివాస్ మునిసిపల్ కమిషనర్నీ, శానిటరీ ఇన్‌స్పెక్టర్నీ సస్పెండ్ చేశారు. వెనకటి రోజుల్లో అయితే ఆ దారుణం ఆ వీధిలోనే సమాధి అయ్యేది. ఫోను చేసిన మేలది. కాదనను.

కాని నా మనసులో మిగిలిపోయింది మరొకటి. కేంద్ర ఆరోగ్యశాఖ మార్చి 15నే, అంటే పలాస ఘటనకి మూడు నెలల ముందే, ఒక సూచనల పత్రం ఇచ్చింది. అందులో ఏముందో తెలుసా? ఆప్తులకి ఆఖరిచూపు చూపించవచ్చు. శవాన్ని తాకకుండా మంత్రం చదవొచ్చు, తీర్థం చల్లొచ్చు. అస్థికల వల్ల ప్రమాదం లేదు, తెచ్చుకోవచ్చు. చక్కగా ఇంగ్లీషులో రాసి ఉంది! వెల్లుల్లి కబురు నాకు పదిసార్లొచ్చింది. ఈ కబురు ఒక్కసారి కూడా రాలేదు.

మనవాళ్ళకి చావంటే ఉన్న భయం ఒకెత్తు, మోయడానికి నలుగురు లేని చావంటే భయం మరొకెత్తు. ఆ భయానికి మందులాంటి మాట ప్రభుత్వం దగ్గరే ఉంది. అది తెలుగులో, మన గడప దగ్గర, మన ముఖం చూసి చెప్పాల్సిన మాట. మార్చిలోనే ఎవరైనా ఆ కాగితం చేతపట్టుకుని, మశూచినాటి కార్డులాగా ఇల్లిల్లూ తిరిగి ఉంటే, ఆ పెద్దాయనకి నాలుగు భుజాలు దొరికేవేమో.

రేపు ఇంకో జబ్బు రాకపోదు. నాయకులు ఎంతమందికి చేరామని లెక్క చూసుకుంటారు, చూసుకోనివ్వండి. ఎవరికి చేరలేదో మాత్రం, మన వీధిలో మనకి తెలిసినంతగా వాళ్ళకేం తెలుస్తుంది?