రిటైరయ్యాక విదేశంలో శాశ్వత నివాసం: ఏ దేశంలో ఏ రూలు?

కొడుకు దుబాయ్‌లో, కూతురు అమెరికాలో. సర్వీసు ముగించుకున్న అబ్బా, అమ్మీ సత్తెనపల్లిలో. "ఇక మా దగ్గరికే వచ్చేయండి" అని పిల్లలు పిలుస్తుంటారు. వెళ్లొచ్చు. కానీ విజిట్ వీసా వేరు, ఉండిపోయే హక్కు వేరు. ఈ తేడా తెలుసుకోకుండా పొలం బేరం పెట్టొద్దు.

యూఏఈ: 55 ఏళ్లు నిండిన రిటైరీలకు ఐదేళ్ల వీసా ఉంది. 2018లో అక్కడి క్యాబినెట్ ఆమోదించింది. 10 లక్షల దిర్హామ్‌ల ఆస్తి, లేదా అంతే పొదుపు, లేదా నెలకు 20,000 దిర్హామ్‌ల (దుబాయ్‌లో 15,000) ఆదాయం చూపాలి. దిర్హామ్ 23 రూపాయలు అనుకున్నా పొదుపు 2 కోట్ల 30 లక్షలు! పైగా ఇది శాశ్వతం కాదు, షరతులుంటేనే రెన్యువల్. కొడుకు స్పాన్సర్ చేస్తే తల్లిదండ్రులిద్దరికీ ఏడాది వీసా వస్తుంది. దానికి అతని జీతం, హెల్త్ ఇన్సూరెన్స్ చూస్తారు.

సౌదీ: 2019లో మొదలైన ప్రీమియం రెసిడెన్సీలో శాశ్వత రకానికి ఫీజే 8 లక్షల రియాళ్లు.

అమెరికా: రిటైరీ వీసా అంటూ లేదు. 21 ఏళ్లు దాటిన కొడుకో కూతురో అక్కడి పౌరులైతే తల్లిదండ్రులకు ఐ-130 వేయొచ్చు. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న పిల్లలు వేయలేరు. పిల్లల ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. గ్రీన్ కార్డు వచ్చాక ముందస్తు అనుమతి లేకుండా ఏడాది దాటి ఇండియాలో ఉంటే అది పోయే ప్రమాదం ఉంది. మెడికేర్ కొనుక్కోవాలన్నా 65 ఏళ్లు నిండి, అక్కడ వరసగా ఐదేళ్లు ఉండాలి. అప్పటిదాకా ఆస్పత్రి ఖర్చు పిల్లల మీదే.

కెనడా: సూపర్ వీసాతో ఒక్కసారి వెళితే ఐదేళ్ల వరకు ఉండొచ్చు. ఇదీ శాశ్వత నివాసం కాదు.

ఆస్ట్రేలియా, బ్రిటన్: ఆస్ట్రేలియా 405 రిటైర్మెంట్ వీసా 2018లో, బ్రిటన్ రిటైరీల దారి 2008లో కొత్తవారికి మూసేశారు. ఏజెంటు ఇంకా ఉందంటే నమ్మొద్దు.

డబ్బు లెక్క: రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక్కరు ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లే పంపగలరు. అంటే సుమారు 9 లక్షల 18 వేల దిర్హామ్‌లు. యూఏఈ అడిగే 10 లక్షలకు ఇదే చాలదు! భార్యాభర్తలిద్దరి పరిమితీ వాడాలి, లేదా మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపాలి. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. రిటర్న్ వేస్తే అది పన్నులో సర్దుబాటవుతుంది.

పొలం సంగతి: ఎన్ఆర్ఐ అయ్యాక ఉన్న పొలం ఉంచుకోవచ్చు, కౌలుకివ్వొచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి మాత్రం వీల్లేదు. ఈరోజు అమ్మిన మిర్చి చేను తిరిగొచ్చాక కొనుక్కుందాం అంటే కుదరకపోవచ్చు. అందుకే ముందు వీసా, తర్వాతే అమ్మకం.