పగలకుండానే ప్రాణం తీసే పూడిక

మశూచి టీకాతో పేరు తెచ్చుకున్న ఎడ్వర్డ్ జెన్నర్ ఒకసారి ఛాతీనొప్పితో చనిపోయిన మనిషి గుండెను కోస్తున్నాడు. కత్తి దేనికో తగిలి అంచు దెబ్బతింది. పాతబడిన పైకప్పు నుంచి సున్నం పెచ్చు రాలిందేమోనని ఆయన తలెత్తి చూశాడు. పైనుంచి ఏమీ రాలలేదు. గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులే ఎముకలా గట్టిపడి ఉన్నాయి. తన గురువు జాన్ హంటర్‌ను వేధిస్తున్నదీ ఇదే జబ్బని జెన్నర్‌కు అర్థమైంది. తెలిస్తే ఆయన కుంగిపోతాడని బయటికి చెప్పలేదు. 1793లో లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రి సమావేశంలో మాటామాటా పెరిగి హంటర్ కుప్పకూలి చనిపోయాడు. శవపరీక్షలో ఆయన ధమనులు కూడా గట్టిపడే కనిపించాయి.

ధమని గట్టిపడటం ఏళ్ల తరబడి సాగే పని. గుండెపోటు మాత్రం నిమిషాల్లో వచ్చేస్తుంది. ఈ రెండింటికీ నడుమ ఏం జరుగుతోందో తేలడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది.

1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, కరోనరీ ధమనిలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయినా మనిషి బతికే వీలుందని, ఆ స్థితిని రోగి బతికుండగానే గుర్తుపట్టవచ్చని రాశాడు. మొదట్లో ఆ మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువే. తరవాత ఈసీజీ వచ్చి ఆయన వైపు నిలిచింది. అయినా చిక్కు వీడలేదు. గడ్డ వల్ల గుండె కండరం చచ్చిపోతోందా, కండరం చచ్చిపోయాక గడ్డ ఏర్పడుతోందా అని 1970ల దాకా వాదన నడిచింది. దాన్ని తేల్చింది అమెరికాలోని స్పోకేన్ పట్టణంలో పనిచేసిన మార్కస్ డివుడ్ బృందం. గుండెపోటు మొదలైన గంటల్లోనే యాంజియోగ్రామ్ తీసేందుకు తెగించి, 322 మంది ఫలితాలను 1980లో ప్రకటించింది. నాలుగు గంటల్లోపు పరీక్షించినవారిలో 87 శాతం మందికి ధమని పూర్తిగా మూసుకుపోయింది. పన్నెండు గంటలు దాటాక చూసినవారిలో అది 65 శాతమే. గడ్డ ముందే ఉంటోందని, కొందరిలో దానంతట అదే కొంత కరుగుతోందని దీంతో స్పష్టమైంది.

మరి ఆ గడ్డ ఎందుకు కడుతోంది? 1966లో పారిస్ కాన్‌స్టాంటినిడిస్ అనే పరిశోధకుడు చనిపోయినవారి ధమనులను పలుచని ముక్కలుగా వరసగా కోసి చూశాడు. గడ్డ కింద, ధమని గోడలో పేరుకున్న కొవ్వు పూడిక (ప్లాక్) పగిలి ఉంది. 1980లలో లండన్‌లో మైకేల్ డేవిస్, డెన్మార్క్‌లో ఎర్లింగ్ ఫాల్క్ ఈ లెక్కను బలపరిచారు. లోపల మెత్తటి కొవ్వు, దాని మీద పలుచని కప్పు. ఆ కప్పు చిరిగితే కొవ్వు రక్తానికి తగులుతుంది, వెంటనే గడ్డ కడుతుంది. ఈ వివరణ ఎంత పొందికగా కుదిరిందంటే, గుండెపోటంటే పూడిక పగలడమేనని పాఠ్యపుస్తకాలన్నీ ఒప్పేసుకున్నాయి.

దానికి లొంగని ధమనులు అప్పటికే శవపరీక్ష బల్లల మీద ఉన్నాయి. 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన వాన్ డెర్ వాల్ బృందం గుండెపోటుతో మరణించిన 20 మందిని పరిశీలిస్తే 12 మందిలోనే పూడిక పగిలింది. మిగిలిన 8 మందిలో కప్పు చెక్కుచెదరలేదు. పైనున్న కణాల పొర మాత్రం ఊడిపోయింది. రెండేళ్లకు వాషింగ్టన్‌లో ఆండ్రూ ఫార్బ్, భారతీయ మూలాలున్న రేణు విర్మానీ తదితరులు హఠాత్తుగా చనిపోయిన 50 మంది ధమనులు చూశారు. 28 మందిలో పగులు, 22 మందిలో ఊడిన పొర. ఈ రెండో గుంపు సగటు వయసు 44 ఏళ్లు, మొదటి గుంపుది 53. పొర ఊడినవారిలో సగం మంది ఆడవాళ్లు. పగులు గుంపులో ఆడవాళ్లు అయిదుగురే. వైద్యులు దీన్ని ‘ప్లాక్ ఎరోజన్’ అంటున్నారు.

అది జరిగే తీరు ఇదీ. ధమని లోపల పరుచుకున్న ఎండోథీలియం కణాలు రక్తాన్ని గడ్డకట్టకుండా చూస్తాయి. ధమని చీలే మలుపుల్లో ప్రవాహం సుడులు తిరిగేచోట ఈ కణాలు అలసి, ఒక్కొక్కటే వదిలిపోతాయి. పొగతాగడం ఆ నష్టాన్ని పెంచుతుంది. ఖాళీ అయినచోట ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు అక్కడ చేరి, తమ డీఎన్ఏ పోగులనే వలలా వదులుతాయి. ఆ వలలో ప్లేట్‌లెట్లు చిక్కి గడ్డ పెరుగుతుంది. పగులు మీద ఏర్పడే గడ్డలో ఎర్రకణాలు, ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగులు ఎక్కువైతే, ఇక్కడ ప్లేట్‌లెట్ల తెల్లగడ్డే ఎక్కువ. కింద కొవ్వు పెద్దగా లేకపోవచ్చు, ధమని మరీ సన్నబడి ఉండకపోవచ్చు.

బతికున్న మనిషిలో దీన్ని చూసే దారి కంటివైద్యం నుంచి వచ్చింది. రెటీనాను పొరలుపొరలుగా చూడటానికి 1991లో మసాచుసెట్స్‌లో రూపొందిన ఓసీటీ పరీక్షను తరవాత సన్నని తీగతో ధమనిలోకి పంపారు. అది మిల్లీమీటరులో వందో వంతు మేరకు కూడా తేడా పట్టేస్తుంది. బోస్టన్‌లో ఇక్-క్యుంగ్ జాంగ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో 126 మందిలో 31 శాతానికి కారణం ఎరోజన్‌గా తేలింది.

దీంతో చికిత్స ఆలోచన కూడా మారింది. చైనాలోని హార్బిన్ నగర వైద్యులు, రక్తప్రవాహం తిరిగొచ్చి, ధమని సన్నబడటం 70 శాతంలోపే ఉన్న 60 మంది ఎరోజన్ రోగులకు ధమనిని తెరిచి ఉంచే స్టెంట్ వేయకుండా ఆస్పిరిన్, టికాగ్రెలార్ మందులతోనే చూశారు. నెల తిరిగేసరికి 47 మందిలో గడ్డ సగానికి పైగా తగ్గింది; 22 మందిలో జాడే లేదు. 2017లో అచ్చయిన ఈ ప్రయోగంలో పోల్చి చూసుకోవడానికి స్టెంట్ వేసిన గుంపు లేదు. కాబట్టి దాన్ని నమ్ముకుని స్టెంట్ వద్దనడం తొందరపాటు. ఆ నిర్ణయం ఓసీటీ చూసిన వైద్యుడిదే.

సామాన్యుడికి దీని సారాంశం ఒక్కటే. నలభై ఏళ్లే కదా, ఆడమనిషి కదా, కొలెస్ట్రాల్ బాగానే ఉంది కదా అని ఛాతీనొప్పిని గ్యాస్ ఖాతాలో రాయొద్దు. సిగరెట్ మానండి. నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. పగిలిన పూడికైనా, పొర ఊడిన పూడికైనా గుండె కండరానికి మిగిలే సమయం గంటల్లోనే.